పడుగు దాటినవాడు

"గూళ్ళు తడిసినాయా?"

"లేదప్పా, ఎండకు పెట్టినాం."

కోడ్‌వర్డ్ సరిపోయింది. 1998 మార్చి, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్. రైతు వేషంలో ఉన్న చీఫ్ హరికృష్ణ గంపలో గూళ్ళు ఏరుతున్నట్టు నటిస్తున్నాడు. ఆయన తలపాగా చూసి అసలు రైతులు నవ్వుకుంటున్నారు, పాపం ఆయనకు తెలీదు.

"ఏజెంట్ తౌసీఫ్! రేపు మధ్యాహ్నం బెంగళూరు నుంచి స్పెషల్ గూడ్స్. రాకెట్ ఇంజన్ లోడ్. పెనుకొండలోపు ఎక్కడో ట్రాక్ కింద ఫారిన్ గ్యాంగ్ బాంబు పెట్టింది. రైలు ఆపితే అందరూ జారుకుంటారు. రిమోట్ భాగ్యశ్రీ పౌడర్ డబ్బాలో ఉంది."

"ఆమె మనకు పనిచేస్తోంది కదా సర్?"

"వాళ్ళకూ పనిచేస్తోంది. డబుల్ ఏజెంట్. రేపు నిన్ను కొండ మీదికి రమ్మందిగా, వెళ్ళు. ఆ డబ్బా మూత తెరిచిందా, షూట్!"

తౌసీఫ్ తలూపాడు. ఏడాదిగా అతను ధర్మవరంలో గంగాధర అనే మగ్గం పనివాడు. చీరల కోసం బెంగళూరు నుంచి కారులో వచ్చే ఫ్యాషన్ డిజైనర్ భాగ్యశ్రీ మీద కన్నేసి ఉంచడానికి ఆమెను ప్రేమలో దించడం అతని డ్యూటీ. దించాడు. తానూ పడ్డాడు. ఆ సంగతి మాత్రం ఏ రిపోర్టులోనూ రాయలేదు.

మర్నాడు పెనుకొండ కోటగోడ దగ్గర భాగ్యశ్రీ ఎదురుచూస్తోంది. నల్లకళ్ళద్దాలు, నెమలిరంగు పట్టుచీర, ఖరీదైన సెంటు.

"ఏమి భాగ్యా, ఎండలో ఈడికి పిలిస్తివి?"

"నీకొకటి చూపించాలి, గంగాధరా."

దూరంగా కూత వినిపించింది. దిగువన పట్టాల మీద గూడ్స్ మలుపు తిరుగుతోంది. ఆమె హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి పౌడర్ డబ్బా తీసింది.

"తెరవద్దు!"

అతను అరవడం, మూత టక్కుమనడం ఒకేసారి జరిగాయి. సైలెన్సర్ పిస్టల్ పేలింది.

ఆమె గోడకు ఆనుకుని జారిపోయింది. డబ్బా అతని కాళ్ళ దగ్గర పడింది. లోపల బ్యాటరీ సెల్ ఉండాల్సిన చోటు ఖాళీ. కింద గూడ్స్ నిక్షేపంగా వెళ్ళిపోయింది.

"సెల్ పొద్దున్నే తీసి పారేసినా," అంది భాగ్యశ్రీ. బెంగళూరు నాజూకు మాట ఎటుపోయిందో, ధర్మవరం మాట బయటికొచ్చింది. "అదే చూపిద్దామని..."

"ఎందుకు?" తౌసీఫ్ ఆమెను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నేనూ మగ్గం ఇంట్లో పుట్టినదాన్నే. వీధిలో పట్టుపోగులు బారుగా లాగి పడుగు పరిచింటే అందరూ చుట్టు తిరిగి పోతారు. నువ్వొకడివే కాలెత్తి దాటితివి. మగ్గం మనిషి చస్తే దాటడు. నువ్వు పోలీసని ఆ దినమే తెలిసె నాకు. వాళ్ళకు చెప్పింటే నిన్ను బతకనిస్తారా?"

"నాతోనైనా చెప్పి ఉండొచ్చు కదా, భాగ్యా!"

"నువ్వే చెప్తావని చూస్తాంటి."

అతని గుండె పగిలిపోయింది. ఏడాది పొడవునా ఒక్కసారి నిజం చెప్పి ఉంటే ఈ పిల్ల బతికేది.

"నీ అసలు పేరేమి?" అంది, ఊపిరి కూడదీసుకుని.

"గంగాధర."

అలవాటుపడ్డ నోరు తనంతట తానే అబద్ధమాడింది. ఆమె సన్నగా నవ్వింది. "ఇప్పుడు గూడానా?"

"తౌసీఫ్! నా పేరు తౌసీఫ్, భాగ్యా!"

భుజాలు పట్టి కుదిపాడు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వినే మనిషి లేదు. ఆమె కళ్ళద్దాలు తీసి, రెప్పలు మూసి, పసివాడిలా ఏడ్చాడు.

చేతిగడియారంలోని ట్రాన్స్‌మీటర్ గరగరలాడింది. చీఫ్ గొంతు హుషారుగా ఉంది. "వెల్‌డన్! ట్రైన్ సేఫ్, గ్యాంగ్ మొత్తం దొరికింది. నీ వేషం చివరిదాకా ఒక్కరూ కనిపెట్టలేదు. మెడల్‌కి రికమెండ్ చేస్తున్నా. మన సర్వీసులో మెడల్ మీద పేరు మాత్రం వేయరు."

"మంచిది సర్," అన్నాడు తౌసీఫ్. "ఏ పేరు చెప్పాలో నాకూ తెలియడం లేదు."