తరిమెన కొట్టం

చెంచులక్ష్మికి ఇరవైమూడేళ్లు. పచ్చి ఎర్రగడ్డ కొరుక్కోనిదే ఆమెకు జొన్నసంకటి గొంతు దిగదు.

ఆమె కాపురానికొచ్చిన ఇంటికి ఊళ్లో చెడ్డపేరుంది. ఇంటికి కూడా కాదు — పెరట్లో ఉన్న రాళ్ల కొట్టానికి. గిద్దలూరు నుంచి రాచర్ల పోయే బండ్లబాట ఆ గోడను ఆనుకునే పోతుంది. దీపాలు పెట్టాక ఆ బాటన ఎవరూ నడవరు. గొర్రెలోళ్లు సైతం మందను వంక దాటించి చుట్టు తిప్పుకుని పోతారు. ఎందుకంటే లోపల... తాళం వేసిన కొట్టంలో... చక్రం తిరిగే చప్పుడు వస్తుందట. గర్ర్... గర్ర్...

తిప్పేది మాలకొండమ్మ అంటారు. రామసుబ్బయ్య మొదటి పెళ్లాం. చచ్చిపోయి రెండేళ్లు.

రామసుబ్బయ్య నలభై ఎకరాల ఆసామి. పొలం కౌలుకిచ్చి తాను ఇత్తడితో ఆడుకునేవాడు. దేశం వెళ్లిపోతున్న రైల్వే దొర ఒకడి దగ్గర తరిమెన మిషను కొని పెరట్లో పెట్టించాడు. కొట్టం ఈ కొసన మిషను, ఆ కొసన నిలువెత్తు చక్రం, నడుమ మూడు బారల పొడుగున తోలు పట్టా. ఒకరు చక్రం తిప్పాలి. గిరగిరా తిరిగే ఇత్తడి ముక్కకు ఇంకొకరు ఉలి ఆనించి కోయాలి. అట్లా తయారైన సిరాబుడ్లనూ, చదరంగం పావులనూ, అరచేతిలో ఇమిడే ఆవిరి ఇంజనునూ చూసి కర్నూలు ఎగ్జిబిషన్‌లో వెండి పతకం ఇచ్చారు. పేరు రామసుబ్బయ్యది. చక్రం తిప్పే చాకిరి పెళ్లానిది. పెళ్లాలు పుట్టిందే అందుకు గదా!

ఒకనాడు చక్రం తిప్పుతుంటే కొంగు అందులో పడి మాలకొండమ్మ మెడకు బిగుసుకుందని మొగుడు చెప్పాడు. ఊరు నమ్మింది. "ఒంటిమీది గుడ్డ చూసుకోను కూడా రాదు ఈ ఆడోళ్లకు" అని విసుక్కుంటూ మునసబు గురవయ్య కాగితం రాసి సంతకం పెట్టాడు. ఏడాది తిరక్కముందే చెంచులక్ష్మి వచ్చింది.

అప్పట్నుంచీ కొట్టానికి తాళం. ఎవరైనా సిరాబుడ్డి అడిగితే రామసుబ్బయ్య గొంతు తగ్గించేవాడు. "అది ఉంది లోపల. నన్ను పని చేయనియ్యదు." దెయ్యం ఆయనకు భయమూ అయింది, సాకూ అయింది.

సాకు ఎన్నాళ్లు నిలుస్తుంది? కొత్తగా వచ్చిన రైల్వే దొర కబురంపాడు — ఎల్లుండి వస్తాను, నా కళ్ల ముందర ఒక బుడ్డి కోసి చూపించు అని. పతకం పుచ్చుకున్నవాడు కాదనలేడు.

"ఏమే, రేప్పొద్దున కొట్టం ఊడ్చి మిషనుకు చమురు పెట్టు. రాత్రికి చక్రం తిప్పుదువు. పని మరిచిపోయినాను, కొంచెం సాధకం చేసుకోవాల."

"రాత్రేంది మామా, పగలు కోయగూడదా?"

"పగలైతే జనం చూస్తారు."

"చూస్తే ఏమి? పతకం వచ్చిన చెయ్యే గదా!"

ఆయన లేచి బయటికి పోయినాడు.

మరునాడు చెంచులక్ష్మి తాళం తీసింది. బూజు దులిపింది. ఇత్తడి ముక్కను కరిచిపట్టే ఇనుప మూతి వెనక, చమురు పోసే సందులో వేలికి ఏదో మెత్తగా తగిలింది. గీకి లాగింది... పసుపు పేలిక. ఎర్ర అంచు. ఆ అంచుకు చుట్టుకుని నాలుగు పొడుగాటి వెంట్రుకలు.

ఆమె తలెత్తి చక్రం వైపు చూసింది. మూడు బారలు. చక్రం తిప్పే మనిషి కొంగు ఎంత ఎగిరినా ఇక్కడికి రాదు. ఇక్కడ నిలబడేది... కోసే మనిషి.

పేలిక రొండిన దోపుకుని పిట్టగోడ దగ్గరికి పోయింది. అవతల పక్కింటి సుబ్బరత్నమ్మ చింతపండు పిసుకుతోంది.

"అత్తా, ఇత్తడి కోసింది ఎవురు?"

సుబ్బరత్నమ్మ అటూ ఇటూ చూసింది. "నేను చెప్పినానని అనగాకు తల్లీ... అదే కోసేది. వాడు తిప్పేటోడు. దాని గోళ్లనిండా ఇత్తడి రజనే. పతకం తెచ్చిన దినం అందరి ముందర, 'నేను కోస్తే ఈయన మెడలో ఏసినారేంది?' అని నవ్వుతానే అనింది. నాలుగోనాటికి పీనుగైంది."

"మరి నువ్వు చెప్పలేదే?"

"చెప్తే ఎవురు నమ్ముతారే? ఆడది ఇత్తడి కోసిందంటే పండ్లికిలించరూ!"

చెంచులక్ష్మి మళ్లీ కొట్టంలోకి పోయింది. ఒక పాత గోనెపట్టా కొసను ఆ మూతిలో ఇరికించి, రెండో కొసను మిషను కాలికి కట్టింది. పోయి చక్రం తిప్పింది. గోనె చుట్టుకుని బిగవగానే పిడి మొరాయించింది. భుజానికి తెలిసింది — అక్కడేదో పడింది, ఆపమని. ఇంకొక్క చుట్టు తిప్పాలంటే రెండు చేతులూ వేసి, కాలు గోడకు తన్నిపెట్టి, పళ్లు కరిచి తిప్పాల్సివచ్చింది.

కొంగు పడటం పొరపాటే కావచ్చు. పడ్డాక తిప్పడం పొరపాటు కాదు.

ఆమె అక్కడే కూలబడింది. రేపు దొర ముందర వీడి చెయ్యి వణికితే, ఎల్లుండి నుంచి ఆ ఉలి తన చేతికే ఇస్తాడు. ఆ తర్వాత తానూ ఏదో ఒకనాడు నలుగురిలో నోరు జారుతుంది...

రాత్రయింది. చలికాలం. రామసుబ్బయ్య లాంతరు పట్టుకుని వచ్చాడు, మెడచుట్టూ పైపంచె చుట్టుకుని. ఒక్కపూట కోసినవాడైనా మెడలో గుడ్డతో ఆ మిషను ముందు నిలబడడు. ఆయనకు అది తెలియదు. ఎవరూ చెప్పలేదు.

లాంతరు మిషను పక్కన పెట్టాడు. ఆ వెలుగు చక్రం దాకా పోదు. అటంతా చీకటి.

"మెల్లగా తిప్పు" అన్నాడు.

"ఆమె యాడ నిలబడింది మామా? ఈడనా... ఆడనా?"

"ఏంది?"

చక్రం తిరిగింది. గర్ర్... గర్ర్... ఏం వినిపించిందో అర్థంకాక ఆయన చీకట్లోకి వంగి చూశాడు. పైపంచె కొస జారింది... ఇనుప మూతికి అందింది.

"ఆపు!"

గర్ర్...

"లక్ష్మీ, ఆపవే!"

చక్రం నెమ్మదించింది. మూలిగింది. ఆగలేదు. ఆయన ముఖం ఇనుప మూతికి ఆనుకుంది.

"మాలకొండా... మాలకొండా, ఆపూ..."

చీకట్లోంచి మాట వచ్చింది. అరుపు కాదు, పక్కన పడుకున్న మనిషితో చెప్పినంత మెల్లగా —

"నేను ఆపమంటే ఆపినావా?"

తెల్లారేసరికి ఊరంతా పెరట్లో ఉంది. పిట్టగోడ మీంచి విన్న సుబ్బరత్నమ్మ, ఆ గొంతు మాలకొండమ్మదేనని ప్రమాణం చేసింది. జనం దండాలు పెట్టుకున్నారు. మునసబు గురవయ్య కూడా కొట్టం గడప తొక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

చెంచులక్ష్మి ముందుకొచ్చి పసుపు పేలికను ఆయన కాళ్లముందు వేసింది.

"ఇది మిషను మూతిలో దొరికింది మామా. కోసేది ఆమె, తిప్పి చంపింది ఈయన. రాత్రి చక్రం తిప్పింది నేను. బిగుసుకున్నాక కూడా, కాలు గోడకు తన్నిపెట్టి తిప్పినా. రాసుకో."

గురవయ్య నోరు తెరిచాడు.

"మాట మాత్రం నాది కాదు" అంది.

గురవయ్య జాలిగా తల ఆడించాడు. "పిల్లకు మతి చలించింది. బిగుసుకున్న చక్రం ఆడదాని చేత తిరుగుద్దంటయ్యా! లోపలికి తీసకపోండి."

చచ్చిన ఆడది తిప్పిందంటే ఊరు నమ్మింది. బతికున్నది తిప్పిందంటే నమ్మలేదు. మునసబు కాగితంలో ఈసారి కూడా ప్రమాదమనే రాశాడు.

పదకొండో రోజు ముగిశాక చెంచులక్ష్మి కొట్టం తలుపు తీసి, సుబ్బరత్నమ్మను చక్రం దగ్గర నిలబెట్టి, ఇరవైరెండేళ్లు ఇత్తడి కోసింది.