మూడో ప్రాణం

1926 నవంబర్ 10, బుధవారం. తెల్లవారుజామున నేలంతా మంచు గడ్డకట్టింది. మధ్యాహ్నానికి అది కరిగి, బాడవల మీంచి పొగమంచు లేచి ఐర్లండ్‌లోని లీట్రిమ్ ప్రాంతాన్నంతా తడిగుడ్డలా కప్పేసింది.

ఆ మంచులోనే సబీనా టియర్నన్ ఎస్టేటు కచేరీకి బయలుదేరింది. యాభై దాటిన మనిషి. పెళ్ళి లేదు. ఉన్నవల్లా ఒక ఆవు, ఒక ఇల్లు. ఆ ఇల్లు ఉంటుందో ఊడుతుందో ఆవేళే తేలాలి.

అక్కడి పాత కౌళ్ళ సంగతి కాస్త చెప్పాలి. దొర ఇల్లూ పొలమూ ఇన్నేళ్ళకని కాక ఇన్ని ప్రాణాలకని ఇచ్చేవాడు. పట్టాలో ముగ్గురి పేర్లుండేవి. వాళ్ళలో ఒక్కడికి ఊపిరున్నా ఇల్లు కౌలుదారుదే. ముగ్గురూ పోతే దొరది. అందుకని తెలివైనవాళ్ళు గట్టి పిల్లల్ని ఏరి రాయించేవారు. ఒకాయన, తిండికి లోటుండదు కనక చావు దగ్గరికి రాదని, దొర కొడుకు పేరే రాయించాడట. ఆ పిల్లాడు ఏడాది తిరక్కుండా గుర్రం మీంచి పడి పోయాడు. సరే, అది వేరే కథ.

సబీనా తాత రాయించిన ముగ్గురిలో తాతా పోయాడు, ఆమె తండ్రీ పోయాడు. మూడో ప్రాణం ఆమె చిన్నాన్న మాలకీ. 1847 నాటి పెద్ద కరువులో, పదేళ్ళప్పుడు, ఎస్టేటు ఖర్చు మీద అమెరికా ఓడెక్కాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు ఎస్టేటు చేతులు మారుతోంది. మాలకీ ఉన్నాడని తేలకపోతే ఇల్లు వేలానికి పోతుంది.

గుమాస్తా లెనెహన్ అప్పుడే దీపం వెలిగించాడు.

“రావమ్మా. మీ టియర్నన్లు మొండివాళ్ళని తెలుసుగాని, తొంభై దగ్గర పడ్డా చావరని తెలీదు సుమా!”

“మీరు మాత్రం పోయారా ఏమిటి? చిన్నాన్న ఏ రేవులో దిగాడో చూడండి. ఉత్తరం రాసుకుంటాను.”

ఓడల దస్తరం తెరిస్తే బూజు వాసన గుప్పుమంది. లెనెహన్ వేలు జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది.

“ఓడ ఎక్కలేదమ్మా. దారిలో జ్వరం తగిలితే తల్లి, అదే మీ నానమ్మ, వీపున వేసుకుని వెనక్కి తీసుకుపోయిందట.”

“వెనక్కా? మరి సమాధి ఏది?”

చస్తే శవజాగరణకి ఊరంతా వస్తుంది. ఊరంతా వస్తే కచేరీకి తెలుస్తుంది. పట్టాలో ప్రాణం పోతే కొన్ని ఇళ్ళల్లో ఏడుపు కూడా మింగేసేవారు. సబీనాకి నానమ్మ నేర్పిన మాట గుర్తొచ్చింది: కచేరీవాళ్ళు ఏమడిగినా, అందరూ బతికే ఉన్నారను.

లెనెహన్ శిస్తు దస్తరం లాగాడు. ఏటా నవంబర్లో, చేతిరాతలు మారినా అవే ముక్కలు: ‘మూడో ప్రాణం చూశాం. పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మాట్లాడలేదు.’ చివరిది పోయినేటిది.

“పోయినేడు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు,” అంది సబీనా.

అతను గొంతు తగ్గించాడు. “శిస్తు వసూలుకి ఎస్టేటు ఏజెంటుతో నేనూ వచ్చానమ్మా. నువ్వు ఆవు దగ్గరున్నావు. ‘మీవాళ్ళు బాగున్నారా’ అని ఆయన కేకేస్తే, ‘అందరూ బతికే ఉన్నారు’ అన్నావు. లోపల... దుప్పటి కప్పుకుని, అటు తిరిగి కూర్చున్నాడు. ముసలాయనే అనుకున్నా. కాని ఆ వీపు... మరీ చిన్నది.”

“నాతో చెప్పలేదేం?”

“ఇంటిదానివి, నీకు తెలీదా అనుకున్నా.”

కిటికీ అవతల మంచు తప్ప ఏమీ లేదు. లెనెహన్ కలం సిరాలో ముంచాడు.

“ఇప్పుడు నువ్వే చెప్పాలి తల్లీ. పోయాడంటే ఫాదర్‌ని పిలిచి ప్రార్థన చదివిద్దాం, వాడి దారిన వాడు పోతాడు. ఇల్లు మాత్రం దక్కదు.”

ఇల్లు పోతే ఆమెకి తల దాచుకునే చోటు లేదు.

“ఉన్నాడు,” అంది.

తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. పొగగొట్టంలోంచి పొగ. బయలుదేరేముందు తనే నిప్పు మీద బూడిద కప్పి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల తడి ఉన్ని వాసన... దాని అడుగున పుల్లటి జ్వరపు వాసన.

పొయ్యి ముందు పీట. పీట మీద దుప్పటి. దుప్పటి కింద చిన్న వీపు.

ఆమె అడుగు పడలేదు.

“మళ్ళీ అన్నావా?”

పసి గొంతు. అలిసిపోయిన గొంతు.

“మా అమ్మా అలాగే అనేది...”

తల మెల్లగా ఇటు తిరగసాగింది...

సబీనా మరో పదిహేనేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. ఎవర్నీ గడప దాటనివ్వలేదు. ఆమె పోయాక ఆవు పొరుగింటి మిసెస్ గిల్‌రాయ్‌కి వెళ్ళింది. ఇల్లు, స్లైగో పట్నంలో ఉన్న ఆమె అక్క కొడుకు కోర్మాక్‌కి వచ్చింది. అతను ఒక్క పూట ఉండి తాళం వేసి వెళ్ళిపోయాడు. ఇల్లు తిరిగి ఇచ్చేస్తానంటే కొత్త యజమానులు తీసుకోలేదు, మూడో ప్రాణం ఇంకా ఉందిగా అన్నారు. ఆ ఇంటి మీద ఏళ్ళతరబడి కన్నేసిన మేనత్త కొడుకు బార్ట్లీకి ఏమీ దక్కలేదు. అలా బతికిపోయినందుకు ఏటా చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తాడు. అతని పొలం పక్కనే టియర్నన్ల బాడవ ఉంది. ఎండితే కట్టెల్లా మండే అక్కడి మట్టిగడ్డల్ని పొయ్యిలోకి కోసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అయినా ప్రతి వేసవీ గడ్డలు తాజాగా కోసి, ఎండేసి ఉంటాయి. బురదలో రెండు జతల వట్టి పాదాల జాడలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఇంటివైపు వెళ్ళినవే.