దవడ కట్టిన దెయ్యం

గానుగ కొట్టం ముంగటికెల్లి పొద్దుగూకినంక ఎవ్వరు నడవరు. ఇప్పటికీ నడవరు. కొట్టం ఏడున్నదని మాత్రం అడగకుండ్రి — గోడలు కూలినయి, గానుగ రోలు ఎవడో ఎత్తుకపోయిండు, మిగిలింది ఇంత మట్టిదిబ్బ. అయినా మా ఊరి పోరగాండ్లు మోటర్ సైకిళ్ల మీద పోతగూడ ఆడికొచ్చేసరికి బర్రుమని ఉరికిస్తరు. మా ఊరు దేవరుప్పులకు నర్మెట్టకు నడుమ ఉంటది. ఊరు దాటి చెల్కల బాట పట్టినంక ఎడమ దిక్కు ఆ దిబ్బ.

ఆ కథ మీరు వినే ఉంటరు. విన్నా సగమే వినుంటరు. చెప్పేటోళ్లంత భయం పుట్టేకాడ ఆపి, చుట్ట ముట్టిచ్చుకొని, వినేటోళ్ల మొకాలు చూసి నవ్వుకుంటరు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతది. నేను చెప్పేది మా యాదమ్మ పెద్దమ్మ నోట విన్నది. మా అమ్మకు సొంత అక్క ఆమె. జరిగింది ఆమెకే.

ముందుగాల కొట్టంకు చెడ్డపేరు ఎట్లొచ్చిందో చెప్త.

నైజాం కాలంల ఒకపారి గత్తర వచ్చింది, కలరా అంటరు గద, అదే. పొద్దుగాల మంచిగున్న మనిషి పొద్దుగూకేసరికి లేడు. ఆ కొట్టంల గానుగ మల్లేశం అనేటాయన ఒక్కడే ఉండెటోడు. ఆయన పడిపోయిండని తెలిసి ఇద్దరు పోయి చూసిండ్రు. పానం పోయిందనుకున్నరు. మనకాడ పానం పోంగనె, నోరు తెరుచుకపోకుండ, గడ్డం కిందికెల్లి నెత్తిమీదికి తెల్లబట్ట తీసి దవడ కడతరు గద. అట్లనే కట్టిండ్రు. మోసేటోళ్లను పిలువనీకె ఊర్లెకు పోయిండ్రు. ఊర్ల చూస్తే ఇంకెవరో పడిపోయిండ్రు... ఆ రాత్రి మళ్ల ఎవ్వరు కొట్టం దిక్కు రాలే.

తెల్లారి వచ్చి చూస్తే మల్లేశం పండవెట్టినకాడ లేడు. నీళ్లకుండ పక్కన బోర్లపడి ఉన్నడు. దవడకట్టు అట్లనే ఉన్నది.

అంటే... కట్టినప్పుడు ఇంక పానం ఉన్నదన్నట్టు.

అప్పటిసంది ఊర్ల ఒక మాట పుట్టింది. దవడ కట్టుకొని ఒకడు కొట్టం వాకిట్ల నిలవడతడు. నోరు తెరువడు. ముక్కుతోని మూలుగుతడు. చెయ్యి చాపి నీళ్లడుగుతడు. పొయ్యొద్దు — పోసినోళ్ల ఇంట్ల గత్తర పడ్తది. చిన్నపిల్లలకు గూడ ఈ మాట నేర్పిండ్రు.

ఇగ మా పెద్దమ్మ సంగతి.

ఆమె పెనిమిటి పేరు భిక్షం. దొరల మీద కొట్లాడే సంగంల చేరిండు. నైజాం పోయి మిల్ట్రీ వచ్చినంక ఊర్ల ఉండే దిక్కు లేక దళంతోని అడవిల పడ్డడు. మానుకోట అవతలి అడవిల ఉన్నడని ఒకపారి, భూపాలపల్లి దిక్కు పోయిండని ఒకపారి కబురు వచ్చేది. అంతే. పెండ్లయినంక వాళ్లిద్దరు ఒక చూరు కింద ఉన్నదే తక్కువ.

ఆ ఏడు మిరపకాయ ఏరే దినాలల్ల ఇంకో కబురొచ్చింది. దవడపన్ను పుచ్చి ఆయనకు నిద్రలేదట. లవంగం పెట్టిండట, జిల్లేడు పాలు పోసిండట, పొగాకు కుక్కిండట. ఏది పెట్టినా జరసేపే. తుపాకి దెబ్బకన్నా ఓర్చుకోవచ్చు గని దీన్ని ఓర్చుకోలేనన్నడట. పన్ను పీకిచ్చుకోనీకె కిందికి దిగొస్తడు, వచ్చినంక నిన్ను పిలుస్తడు — అని చెప్పి ఆ కబురు తెచ్చినాయన పోయిండు.

ఇగ పెద్దమ్మకు కూడు సయించలే. ఇంటెన్క ఏ చప్పుడైనా లేచి కూసునేది. పన్ను పీకినంక జొన్నగట్క నమలలేడు గదా అని, జావ కాసియ్యనీకె ఎవరినో బతిలాడి ఇన్ని బియ్యం తెచ్చి దాసింది. ఒక్కసారి కండ్లార చూస్తే సాలు, మళ్ల అడివికే పోనియ్యి అనుకున్నదట. అదొక్కటే కోరిక ఆమెకు.

ఒకనాడు మిరపచేన్ల ఆలిస్యమైంది. పెద్దమ్మ, ఆమె జతగత్తె సారమ్మ, ఇద్దరే వస్తున్నరు. పొద్దుగూకి మసక పడ్డది. పెద్దమ్మ చేతిల ముంత, అండ్ల సగం నీళ్లు. కొట్టం ఎదురుంగ వచ్చేసరికి —

మ్... మ్మ్...

నోరు తెరవని మూలుగు.

సారమ్మ గబుక్కున పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నది. “చూడకు,” అన్నది గుసగుసగ.

చూడకంటే చూడకుంట ఉంటమా... పెద్దమ్మ చూసింది.

వాకిట్ల నిలవడ్డడు. గడ్డం కిందికెల్లి నెత్తిమీదికి తెల్లబట్ట, పైన ముడి. మొకం ఒకదిక్కు ఉబ్బి కన్ను మూసుకపోయింది. మెడ గూడ ఉబ్బింది. మనిషి మొకం తీరు లేదు. గోడ పట్టుకొని ఒక అడుగు ముంగటికేసిండు... ఇంకొక అడుగు... గోడ ఇడిసిపెట్టి రెండు చేతులు చాపిండు. చాపి, పెద్దమ్మ దిక్కే చూసుకుంట మూలిగిండు.

ముంత జారి పడ్డది. ఇద్దరు ఉరికిండ్రు. ఎనకకెల్లి ఆ మూలుగు పెద్దగయింది... ఇంక పెద్దగయింది... తర్వాత ఆగిపోయింది. ఎనకకు తిరిగి చూస్తే పానం పోతదని ఇద్దరు తిరిగి చూడలే.

ఊర్ల సంగతి చెప్పిండ్రు. ఊరంత పరేషాన్. గత్తర మల్లేశం మళ్ల లేసిండు, నీళ్లు గూడ పడ్డయట ఆడ — అని ఆడోళ్లు పిల్లలను బయటికి పోనియ్యలే. తెల్లారి పెద్దమనుషులు మాట్లాడుకొని, డప్పు తీసుకొని, తుమ్మకంప కొట్టుకొని పోయిండ్రు. పట్టపగలే. దగ్గరికి పోతే లోపట మూలుగు వినవడ్డది. పగలు గూడ మూలుగుతున్నదంటే ఇది మొండిదన్నరు. లోపటికి తొంగిచూసే ధైర్యం ఒక్కనికి లేదు. వాకిలికి అడ్డంగ కంప కుప్పవోసిండ్రు. లోపటికెల్లి ఏదో గోడకేసి కొట్టిన చప్పుడైందట, ఠక్... ఠక్... అని. డప్పు కొట్టెటోళ్లు ఇంక జోరుగ కొట్టిండ్రు.

ఆ కంపల ఒక మోపు మా పెద్దమ్మ మోసుకపోయింది. అందరు తలొక మోపు మోసిండ్రు, ఆమెగూడ మోసింది.

చెప్పేటోళ్లు ఈడ ఆపుతరు. నేనాప.

కొన్ని దినాలకు, ఇంక ఎండ ఎక్కకముందే, మంగలి పోశాలు పెద్దమ్మ ఇంటికొచ్చిండు. ఊరి మంగలే ఆయన, అందరి గడ్డాలు గీసేది ఆయనే, పుండ్లు కోసేది ఆయనే, పండ్లు పీకేది ఆయనే. కాళ్లకు దుమ్ము, కండ్లు లోపటికి పోయినయి. ఆయనను మిల్ట్రీ క్యాంపుల పెట్టుకున్నరని ఊర్ల అనుకుంటనే ఉన్నరు. వాకిట్లనే నిలవడి, అటు ఇటు చూసి, మెల్లగ అడిగిండు.

“ఎట్లున్నడు? నోరు తెరుస్తున్నడా?”

“ఎవరు?” అన్నది పెద్దమ్మ.

పోశాలు అట్లనే కూలవడ్డడు.

భిక్షం దిగొచ్చింది పోశాలు కాడికే. ఊర్ల దాసేటట్టు లేదు, క్యాంపోళ్లు ఇండ్లు ఇండ్లు సోదా చేస్తున్నరు. ఎవ్వరు తొక్కని జాగ ఒక్కటే — గానుగ కొట్టం. మిల్ట్రీకి తోవ చూపెటోళ్లు గూడ మన ఊరోళ్లే గద, వాళ్లు ఆడికి రారు. అది పోశాలు ఆలోచనే. దీపం బుడ్డి ఎలుగుల పటకారుతోని పీకిండు. పన్ను సగం ఇరిగొచ్చింది, ఏర్లు లోపటనే ఉన్నయి. చాకుమొనతోని తవ్వి తీసిండు. భిక్షం నోట్ల గుడ్డ కుక్కుకొని, కేక బయటికి రాకుండ గానుగ రోలు పట్టుకొని కూసున్నడట. నెత్తురు ఆగలే. పటిక నూరి పెట్టి, దూది కుక్కి, బట్టతోని దవడ బిగిచ్చి కట్టిండు. ఉమ్మి ఊంచకు, తెల్లారిందాక పుక్కిలించకు, తర్వాత ఉప్పునీళ్లు పోసుకో, ఉప్పు ఏంచి మూటగట్టి కాపుకో అని చెప్పిండు.

మరునాడు పోయేసరికి బుగ్గ ఉబ్బింది. జరం. నోరు చిటికెనేలు పట్టేంత తెరుస్తున్నడు. ఏడ పోటు అంటే చెవి, మెడ, నెత్తి అన్నీ చూపిస్తున్నడు. యాదమ్మను పిలుస్తనన్నడు పోశాలు. అప్పటికింక మాట వస్తున్నది ఆయనకు, ముద్దముద్దగ.

“వద్దన్న... ఈ మొకం చూస్తే జడుసుకుంటది. జర తగ్గనియ్యి.”

సరే రేపు జావ తెస్త, యాపాకు కషాయం తెస్త, తగ్గకుంటే జనగామ దవాఖానకు ఎట్లన్న తీసుకపోత అని చెప్పి పోశాలు ఇంటికొచ్చిండు. తెల్లారకముందే క్యాంపు జవాన్లు వచ్చి ఆయనను తోలుకపోయిండ్రు. తప్పు పట్టి కాదు... సిపాయిలకు గడ్డాలు గీయనీకె మంగలి కావాల్నట. గీసిందాక ఇడిసిపెట్టలే. ఒకల తర్వాత ఒకలు కుర్సీల కూసుంటనే ఉన్నరు. ఇంటికాడ పానం బాగలేదని కాళ్లు పట్టుకున్నడు, నవ్విండ్రు. ఎవరికి బాగలేదో చెప్తే భిక్షంను పట్టుకపోతరు. కత్తి జారితే ఎవని గొంతు తెగుతదో అని ఊపిరి బిగవట్టి గీసిండట.

మీ దళమోళ్లన్న వచ్చి చూసుకుంటరనుకున్న, నీకన్న తెలుస్తదనుకున్న — అని నెత్తి కొట్టుకున్నడు పోశాలు. పెద్దమ్మ ఆ మాట మొత్తం వినలే. అప్పటికే ఉరుకుతున్నది.

తుమ్మకంప ఉత్తచేతులతోని గుంజింది. పోశాలు ఎనక ఉరికొచ్చి గుంజిండు. పెద్దమ్మ అరచేతులల్ల ఆ ముండ్ల మచ్చలు నేను చూసిన, ముసల్దయినంక గూడ ఉండె.

లోపట భిక్షం గోడకు ఆనుకొని ఉన్నడు. పొయ్యిల సల్లారిన బూడిద, ఉప్పుమూట ఏంచీ ఏంచీ నల్లగ మాడిపోయింది. పక్కన పెద్దమ్మ ముంత, అంచు పలిగింది. ఎట్ల పాకిండో, ఎప్పుడు తెచ్చుకున్నడో, నెత్తికాడ పెట్టుకున్నడు. అండ్ల చుక్క నీళ్లు లేవు. కొట్టంల చీము వాసన.

పానం ఉన్నది ఇంక.

ఎలుగు పడేసరికి ఒక కన్ను తెరిచిండు. పెద్దమ్మను చూసిండు. చూసి... మెల్లగ రెండు చేతులు లేపి, మొకం కప్పుకున్నడు. ఆమె మళ్ల జడుసుకుంటదని.

పెద్దమ్మ ఆ చేతులు పట్టి తీసింది.

“నేనే. నేను యాదమ్మను. నన్ను చూసి దాసుకోకు... నీ కాళ్లు మొక్కుత, దాసుకోకు.”

నీళ్లు తెచ్చి పెదవులకు తడిపింది. పండ్లు బిగుసుకపోయినయి, లోపటికి పోలే, మెడమీదికెల్లి కారిపోయినయి. పోశాలు బండి కట్టిచ్చిండు. పట్టుకుంటే పట్టుకోనియ్యి, దవాఖానకే పోదాం అన్నడు. పైన గడ్డి కప్పి జనగామ బాట పట్టిండ్రు. పెద్దమ్మ ఆయన నెత్తి ఒళ్లె పెట్టుకొని కూసున్నది. దాసిన బియ్యం సంగతి చెప్పిందట, జావ కాస్త అని చెప్పిందట. ఊపిరి గురగుర అన్నది... ఎడంగ పడ్డది... దవాఖాన రాకముందే ఆగింది.

బండి మలుపుకొని ఊర్లెకు తెచ్చిండ్రు. పండవెట్టినంక ఒక ముసలామె బట్ట తెచ్చింది, దవడ కట్టనీకె. ఇంకొకామె అన్నదట — కట్టు ఉన్నదే గద, మళ్ల కట్టే పని లేదు. పెద్దమ్మ ఏడ్సుడు అప్పుడు షురువైంది. అంతదాక ఏడవలే.

ఊరు మాత్రం దెయ్యం కథను ఇడిసిపెట్టలే. మల్లేశం పోయి భిక్షం దెయ్యమైండన్నరు. దవడ కట్టుకొని, కంపల నడుమ నిలవడి, మూలుగుతడన్నరు. కంప కొట్టిన పెద్దమనుషులే ఎక్కువ చెప్పిండ్రు ఆ మాట. నాకు కోపమొచ్చేది అందుకే.

పెద్దమ్మ మళ్ల పెండ్లి చేసుకోలే. చాన ఏండ్లు బతికింది. రోజూ పొద్దుగూకే యాళ్లకు ముంతల నీళ్లు తీసుకొని కొట్టం కాడికి పోయేది. ఒక్కతే. చీకటి పడి, ఊర్ల దీపాలు పెట్టినంక ఆ నీళ్లు నేల మీద పోసి వచ్చేది. పిచ్చిది అన్నరు, దెయ్యానికి నీళ్లు పోస్తున్నదన్నరు.

నేను జర పెద్దగయినంక ఒకపారి ఎంట పోయిన. ఆమె కూలిన గోడ మీద కూసున్నది. నేను ఆమె కొంగు పట్టుకొని, ఏ గడ్డిపోస కదిలినా ఉలిక్కిపడుకుంట, ఎటు చూడాల్నో తెల్వక ఉన్న. నిజంగనే వస్తడా పెద్దమ్మా, భయం కాదా నీకు, అని అడిగిన.

పెద్దమ్మ ముంత ఒళ్లె పెట్టుకున్నది. వాకిలి ఉండె జాగ దిక్కే చూసింది.

“వస్తే మంచిగుండు బిడ్డా,” అన్నది. “ఈసారి ఉరుక.”

ఆమె కాళ్లు నడిచినన్ని దినాలు పోయింది. ఊరంతకు కనవడ్డడంటరు. ఎడ్లబండోళ్లకు కనవడ్డడట, పాలోళ్లకు కనవడ్డడట, మోటర్ సైకిలోళ్లకు ఇప్పటికీ కనవడ్తడట.

ఆమెకు ఒక్కనాడు కనవడలే.