కేకుల కారుకు బురద టైర్లు

జితేందర్ టైర్ల దుకాణం ముందు ఆ పొద్దున రెండు తెల్ల ఎలక్ట్రిక్ కార్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆగాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్. వాటిలోంచి దిగిన ఇద్దరి కోపం కూడా ఒకే మోడల్‌లా ఉంది.

"జితేందర్ అన్నా, నా కారుకు ఏం టైర్లు వేసినవ్?" అంది మొదటి కారులోంచి దిగిన అమ్మాయి. ఆమె పేరు సాహిత్య. చేవెళ్ల పశువుల దవాఖానలో డాక్టరు. సొంతూరు చిన్న మంగళారం. జీన్స్ మీద మోకాళ్ల దాకా బురద మరకలున్నాయి. "నిన్న పొలంబాట మీద జారి టమాట చేన్ల పడ్డ. ఏ ఎద్దుకైతే టీక ఎయ్యనీకి పోయిన్నో, ఆ ఎద్దునే కట్టి నా కారు బయటికి గుంజిండ్రు."

"ఎద్దుకేం కాలె గద?" అన్నాడు రెండో కారులోంచి దిగిన యువకుడు.

"ఎద్దు మంచిగనే ఉన్నది. నా ఇజ్జతే పోయింది. మీరెవరు?"

"నా పేరు శశిధర్. నాది అంతకన్నా పెద్ద బాధ మేడం. జర పక్కకు జరుగుతరా, నేను గూడ తిట్టాలె."

శశిధర్‌ది కొండకల్. అజీజ్‌నగర్‌లో చిన్న బేకరీ పెట్టుకుని, చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో జరిగే పెళ్లిళ్లకు కేకులు చేసిస్తాడు.

"అన్నా, నిన్న మూడంతస్తుల కేక్ తీస్కపోయిన. కారు ట్రాక్టర్ లెక్క గడగడ ఊగింది. ఆడ దించేసరికి మూడంతస్తులు కలిసి ఒక్కటే అంతస్తయింది. పెళ్లికొడుకు దాన్ని చూసి హల్వా అనుకున్నడు."

జితేందర్ రెండు కార్ల చుట్టూ తిరిగి టైర్లు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బులు తప్ప అతన్ని ఆదుకునేవాళ్లు ఎవరూ లేరు.

జరిగింది ఇది. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ బరువెక్కువ. కాలు ఆనించగానే కారు ముందుకు దూకుతుంది. అందుకే టైర్లు తొందరగా అరిగిపోతాయి. మళ్లీ వేయించేటప్పుడు ఆ బరువు మోయగలిగినవే చూసుకోవాలి. అందులో మళ్లీ రెండు రకాలు. ఒకటి మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది, చార్జింగ్ కూడా ఎక్కువ దూరం వస్తుంది. రెండోది లోతైన గాట్లతో బురదను పట్టుకుని నిలబడుతుంది, కాని మోత, కుదుపు రెండూ ఉంటాయి.

సాహిత్య ఒక సాయంత్రమంతా ఆలోచించి రెండో రకం ఎంచుకుంది. శశిధర్ దుకాణంలో ఉన్న టైర్లన్నీ స్పాంజ్ కేకును నొక్కి చూసినట్టు బొటనవేలితో నొక్కి చూసి మొదటి రకం ఎంచుకున్నాడు. ఇద్దరూ ఒకే రోజు కార్లు వదిలి వెళ్లారు. జితేందర్ ఆమె టైర్లు అతని కారుకీ, అతని టైర్లు ఆమె కారుకీ వేశాడు.

"తప్పు నాదే," అన్నాడు జితేందర్. "ఇప్పుడే మార్చేద్దును. కాని టైర్లు విప్పే మిషన్ మోటర్ కాలిపోయింది. మెకానిక్ బోనాలకని ఊరికి పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"బోనాలు అయినంక."

"నాకు సాయంత్రం ఆర్డర్ ఉన్నది," అన్నాడు శశిధర్.

"నేను ఇప్పుడే పోవాలె. బర్రెలు బోనాలు అయ్యేదాక ఆగయి," అంది సాహిత్య.

శశిధర్ కాసేపు రెండు కార్లనూ మార్చి మార్చి చూశాడు. "మేడం, టైర్లు మార్చరాకపోతే కార్లే మార్చుకుందామా? మెకానిక్ వచ్చేదాకనే."

"మీరెవలో నాకు తెల్వనే తెల్వదు."

"నా కారు మీ దగ్గర్నే ఉంటది గద. నేనేడికి పోత?"

సాహిత్య ఆలోచించింది. అతని ముఖంలో మోసం కనిపించలేదు. చెవి పక్కన కొంచెం క్రీమ్ కనిపించింది.

"నా కారుల క్రీమ్ పడొద్దు," అంది.

"నా కారుల పేడ పడొద్దు," అన్నాడు అతను.

తాళాలు చేతులు మారాయి. జితేందర్ ఏదో చెప్పబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, నోరు మూసుకున్నాడు.

*

ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ వచ్చింది.

"డాక్టర్ గారు, వెనక సీట్ల పొడుగు గ్లౌజులున్నయి. భుజాల దాక ఉన్నయి. ఏంటియివి?"

"ఆవుల కడుపు చూస్తందుకు. ఎందుకు?"

"పెళ్లికూతురు తల్లి చూసింది. కేక్ చేసేటప్పుడు ఇవి ఏసుకుంటరా అని అడిగింది."

"మీరేమన్నరు?"

"అవునన్న. ఇంత శుభ్రత ఏ బేకరీల చూడలేదని మెచ్చుకున్నది. వాళ్ల చుట్టాలకు గూడ నా నంబర్ ఇస్తదట."

సాహిత్య నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది. దవాఖాన అటెండర్ పరమేష్ ఏమైందోనని లోపలికి తొంగిచూసి, డాక్టరమ్మ ఇట్లా కూడా నవ్వుతుందా అనుకుంటూ వెళ్లిపోయాడు.

మరుసటి రోజు ఆమె ఫోన్ చేసింది. "మీ కారు నిండ వనిల్లా వాసన. యాడ ఆపినా మేకలొచ్చి డోర్లు నాకుతున్నయి. ఒక మేక స్టీరింగ్ దాక వచ్చింది."

"డ్రైవింగ్ వచ్చా దానికి?"

"మీకంటే మంచిగనే వస్తదనుకుంట. మీ సీటు ఏంది గంత వెనకకు ఉన్నది? నాకు పండుకొని నడిపినట్టున్నది."

ఎవరి వస్తువులు ఎవరి కారులో ఉండిపోయాయో ఒక్కొక్కటే బయటపడసాగాయి. స్టెతస్కోపు అతని దగ్గర. కేకు కోసే పొడవాటి కత్తి ఆమె దగ్గర. ఆమె చేవెళ్ల నుంచి ఇంటికి పోతూ, ఊరి మలుపు దాటి అజీజ్‌నగర్ దాకా వచ్చి, ఇచ్చి తెచ్చుకునేది. మొదట్లో ఇద్దరూ నిజంగానే మరిచిపోయేవారు. తర్వాత్తర్వాత మరిచిపోవడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. ఒక రోజు ఆమె ఖాళీ నీళ్ల సీసా కోసం వచ్చింది.

"ఇది లేకుంటే మస్తు పరేషాన్ అయితున్నది," అంది, ఎటో చూస్తూ.

"అవును, ఖాళీ సీసాలు దొరకయి ఈ రోజులల్ల," అన్నాడు శశిధర్, అంతే గంభీరంగా.

ఇంకో రోజు అతను ఒక పుట్టినరోజు కేకు మీద అక్షరాలు రాస్తుండగా ఆమె గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎగ్ పఫ్ తింటూ అంది, "ఆదివారం శంకర్‌పల్లి నుంచి నన్ను చూడనీకి వస్తున్నరు. పిలగాని పేరు నవీన్. సాఫ్ట్‌వేర్."

"మంచిది," అన్నాడు అతను.

"మంచిదా?"

"మంచిది గాదా?"

"వాళ్లకు నేనింకా ఏం చెప్పలె," అని ఆమె చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. శశిధర్ వంగి కేకు చూసుకున్నాడు. దాని మీద 'హ్యాపీ ఆదివారం' అని ఉంది.

*

గురువారం పొద్దుగూకే వేళ వాన మొదలైంది. చేవెళ్ల అవతల శకుంతలమ్మ అనే ఆమె బర్రె ఈనలేక అవస్థ పడుతోందని సాహిత్యకు ఫోన్ వచ్చింది. ఆ ఇంటికి ఆ ఒక్క బర్రె పాలే ఆధారం. పొలంబాట అప్పటికే కాలువలా ఉంది. గాట్ల టైర్లు బురదను కరుచుకుంటూ, మోత పెడుతూ, ఒక్కసారి కూడా జారకుండా ఆమెను కొట్టం దాకా చేర్చాయి. దూడ అడ్డం తిరిగి ఉంది. సాహిత్య చెయ్యి లోపల పెట్టి, ఓపికగా దాన్ని సరిచేసి, శకుంతలమ్మతో కలిసి బయటికి లాగింది. దూడ కాసేపు కదల్లేదు. గడ్డితో రుద్దగా రుద్దగా తుమ్మింది. శకుంతలమ్మ ఏడుస్తూ సాహిత్య తల నిమిరింది.

చేతులు కడుక్కున్నాక సాహిత్య కారులో కూర్చుని ఫోన్ చేసింది.

"మీ కారు ఆగలె. ఆ బాటల, ఆ వానల, అస్సల్ ఆగలె."

అవతల బేకరీ రేకుల మీద వాన చప్పుడు. "దూడ ఎట్లున్నది?" అన్నాడు శశిధర్.

"లేచి నిలవడ్డది. నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు పోతున్నయి గాని, నిలవడ్డది."

"మీరు?"

ఇట్లాంటి రోజుల్లో ఆమె ముందుగా తండ్రికి ఫోన్ చేసేది. ఈ రోజు బాపు గుర్తే రాలేదు. అద్దం మీద నీళ్లు కారుతుంటే చూస్తూ, ఫోన్ పెట్టెయ్యకుండా కూర్చుంది. అతను కూడా పెట్టెయ్యలేదు.

*

శనివారం బేకరీకి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో రెండు ఫోన్లు. పఫ్ ఒకటి, తర్వాత కాజు కేకు ముక్క ఒకటి తిన్నాడు. వాన తగ్గేదాకా కూర్చున్నాడని శశిధర్ అనుకున్నాడు.

"బయటున్న కారు నీదేనా?"

"కాదు సార్. ఒక డాక్టరమ్మది."

"మరి నీ దగ్గరెందుకున్నది? రోజు ఈడనే ఉంటున్నదని విన్న."

శశిధర్ టైర్ల కథ మొదటి నుంచి చెప్పాడు. ఎద్దు, హల్వా, బోనాలు అన్నీ వచ్చాయి. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు.

"రెండు కార్లు ఒక్కటే మోడల్ అంటివి. ఒక్కటే సైజు."

"అవును సార్."

"మరి టైరెందుకు విప్పుడు? రిమ్ముతోని సహా చక్రాలు విప్పి, ఇవి దానికి, అవి దీనికి బిగిస్తే అయిపోయేది గద. మిషన్ ఎందుకు దానికి? జాకీ చాలు."

శశిధర్ కౌంటర్ తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"తెల్వదా నీకు?"

"తెల్సు సార్."

"తెల్సి మరి?"

"మార్చుకుంటే ఆమె మళ్ల రాదు గద సార్," అన్నాడు శశిధర్. ఒకసారి చెప్పడం మొదలయ్యాక మిగతాది కూడా తనంతట తానే వచ్చేసింది. "రేపు ఆమెను చూడనీకి వస్తున్నరు. చెప్పాలె అనుకుంటున్న, నోరొస్తలేదు. ఆమె వాళ్ల బాపు మస్తు కోపం మనిషట. మాజీ సర్పంచట. ఆయనను తల్చుకుంటనే భయమైతున్నది."

"భయపడాలె," అన్నాడు పెద్దాయన, మీసం తుడుచుకుంటూ. "నేను బాల్‌రాజ్‌ను. దాని బాపును."

శశిధర్ చేతిలోని గుడ్డ కింద పడింది. సరిగ్గా అప్పుడే బయట రెండో తెల్ల కారు ఆగింది. సాహిత్య తడుస్తూ లోపలికి వచ్చి, తండ్రిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం మరిచిపోయినవ్ బిడ్డా ఇయ్యాల?" అన్నాడు బాల్‌రాజ్.

ఆమె చుట్టూ చూసింది. "గొడుగు," అంది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది.

"కూసో. ఒకటడుగుత. చక్రాలు విప్పి మార్చుకోవచ్చని నీకు తెల్వదా?"

సాహిత్య శశిధర్ వైపు చూడలేదు. "మొదటి రోజు కోపంల యాదికి రాలె బాపు. సాయంత్రం వచ్చింది. అడుగుదామని ఫోన్ తీసిన. అప్పుడే ఈయన గ్లౌజుల ముచ్చట చెప్పిండు." చేతిలోని గొడుగు వైపు చూసుకుంది. "ఇంక అడగబుద్ధి కాలె."

"మీకు గూడ తెల్సా?" అన్నాడు శశిధర్ మెల్లగా.

"మీకు?"

"నాకు ముందుగాలనే తెల్సు. కార్లు మార్చుకుందామన్నప్పుడే."

ఆమె ముఖం ఎర్రబడింది. "మరి ఆదివారం ముచ్చట చెప్తే మంచిది అన్నరు."

"ఆ కేకును చూడకపోతిరి. మొత్తం ఖరాబైంది."

బాల్‌రాజ్ ఇద్దరినీ చూశాడు. పంచాయితీలు ఎన్నో తెంపిన మనిషి. ఇద్దరూ తప్పు ఒప్పుకున్న పంచాయితీ ఇదే మొదటిది. జేబులోంచి ఫోన్ తీసి భార్యకు చేశాడు.

"అరుణమ్మా, శంకర్‌పల్లోళ్లకు రేపు రావద్దని చెప్పు... ఏమని చెప్తవంటే... మా బిడ్డ మనసుల ఇంకో పిలగాడు ఉన్నడని ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్లను నడుమిట్ల పెట్టుడు మంచిగుండదు... ఎవలా? రేపు చూస్తవు తియ్యి."

ఫోన్ జేబులో పెట్టుకుని శశిధర్ వైపు తిరిగాడు. "రేపు ఇంటికి రా. మీ నాయినతోని నేను మాట్లాడుత. ఎవలు, ఏంది అన్నీ అడుగుత. ఇంకా ఒప్పుకోలేదు నేను, యాదుంచుకో." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "వచ్చేటప్పుడు ఆ కాజుది తీస్కరా. కిలో కాదు, రెండు కిలోలు."

ఆయన జీపు కనుమరుగయ్యే దాకా ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు. వాన సన్నబడింది. వీధి అవతల రెండు తెల్ల కార్లు పక్కపక్కనే తడుస్తున్నాయి.

"మరి చక్రాలు మార్చుకుందామా?" అన్నాడు శశిధర్. "ఇప్పుడంటే ఇప్పుడే."

"మీ కారుల జాకీ ఉన్నదా?"

"లేదు. మీ కారుల?"

"నేను చూడనే లేదు," అంది సాహిత్య. ఈసారి సూటిగా అతని కళ్లలోకి చూసి నవ్వింది. అతను చూపు తిప్పుకోలేకపోయాడు.

"రేపు ఏ కారుల రావాలె నేను?"

ఆమె గొడుగు విప్పి, అందులో సగం అతని మీదికి వంచింది.

"నేనే వచ్చి తీస్కపోత. రెండు కార్లెందుకు మనకు? ఒక్కటి చాలదా?"