టైలరమ్మ పుస్తకంలో ఖాళీ గడి

"కొలతలివ్వని మనిషికి చొక్కా ఎలా కుట్టమంటారు?" అందామె, మెడలో టేపు వేసుకుని.

"ఆది చొక్కా తెచ్చానుగా. ఇది చూసి కుట్టెయ్యండి."

"ఇందులో మీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు."

"వదులుగా ఉంటేనే నాకు హాయి."

పచ్చి అబద్ధం. నా హాయి పద్నాలుగో ఏటే పోయింది, ఛాతీ రెండువైపులా ఉబ్బడం మొదలైనప్పుడు. వయసుతో పాటు అదే పోతుందన్నారు ఇంట్లో. ఇరవై ఆరొచ్చినా పోలేదు. వంగిన భుజాలు, ఛాతీకి అడ్డంగా కట్టుకున్న చేతులు, ఎండాకాలంలో కూడా బిగుతు బనీను, ఇదీ నా అవతారం. పొద్దస్తమానం మందుల షాపులో నిలబడి అందరి రోగాలకీ మందులిస్తాను గానీ, నా సంగతి ఏ డాక్టరుకీ చెప్పుకోలేదు.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, టేపు చుట్టి సొరుగులో పడేసింది. పుస్తకంలో నా పేరు పక్కన కొలతల గడి ఖాళీగా వదిలేసింది.

అలా నాలుగు చొక్కాలయ్యాయి. ఎదురెదురు షాపులు కదా, తలనొప్పి మాత్ర వంకతో ఆమె ఇటు, ఊడిన గుండీ వంకతో నేను అటు. ఆ గుండీలు పీకేది నేనేనని ఆమెకి తెలుసో లేదో.

"టైలరమ్మగారూ, మీ చొక్కాలు తెగ ఉక్కపోస్తున్నాయి. ముందువైపు లోపల ఇంకో గుడ్డెందుకు?"

"మా షాపు పద్ధతంతే, మందులబ్బాయ్."

ఆమె మీద ఇష్టం పెరిగేకొద్దీ నాకు భయం కూడా పెరిగింది. ఏదో ఒకరోజు తెలిసిపోతుంది. నవ్వుతుందేమో. జాలిపడితే ఇంకా కష్టం. ఆ భయమే చివరికి నన్ను డాక్టరు గదిలోకి తోసింది.

ఆయన పరీక్షలన్నీ చేయించి తేల్చేశాడు. "ఇది పరిగెడితే కరిగే కొవ్వు కాదు. మగవాళ్ళకీ రొమ్ము గ్రంథి ఉంటుంది, కొందరికి పెరిగి అలాగే ఉండిపోతుంది. ఇన్నేళ్ళయ్యాక మందులకి లొంగదు, ఆపరేషన్ చేసి తీసేద్దాం. ఇందులో నీ తప్పేం లేదు బాబూ."

ఆపరేషన్ రేపనగా, మధ్యాహ్నం వానలో తడుస్తూ రోడ్డు దాటాను.

"పదిరోజులు షాపుకి రాను," అన్నాను.

మిషన్ ఆగింది. "ఎవరైనా అమ్మాయిని చూడ్డానికా?"

"అబ్బే, కాదు."

"మరి ఆ తడబాటెందుకు? ఉంటే చెప్పెయ్యండి. నేనేం అనుకోను." అంటూనే కళ్ళ నీళ్ళు ఆపుకోవడానికి కత్తెర కోసం వెతికింది. కత్తెర ఆమె చేతిలోనే ఉంది.

నా భయం సంగతి సరే, ఆమెని ఏడిపించడం నా వల్ల కాలేదు. నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. అలమరలోంచి నా ఆది చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

"ఛాతీ దగ్గర గుడ్డ చూడండి, ముందుకి లాగి లాగి ఎలా సాగిపోయిందో. ఇది చూసినరోజే అర్థమైంది. లోపల గుడ్డ వేస్తే ఆకారం తెలీదని వేశాను. అది షాపు పద్ధతి కాదు, మీ ఒక్కరికే."

"అంటే మొదటి చొక్కా నుంచీ తెలుసా?"

"తెలిసే అన్ని మాత్రలు కొన్నాను. నాకసలు తలనొప్పే లేదు."

"రేపు సరిగ్గా కుదరకపోతే? మచ్చలు మిగిలితే?"

"గుడ్డ నా దగ్గర బోలెడుంది." సొరుగులోంచి టేపు తీసింది. "చేతులెత్తండి."

"ఇప్పుడెందుకు? రేపటికి కొలత మారిపోతుందిగా."

"మారాక మళ్ళీ రాసుకుంటాను. నాకు నచ్చిన మనిషి కొలత ఇది. ఇది కూడా పుస్తకంలో ఉండాలి."

పన్నెండేళ్ళుగా ఛాతీకి అడ్డంగా ఉన్న చేతుల్ని ఎత్తాను. రేపటి భయం అలాగే ఉంది. ఆమె టేపు చుట్టి, అంకె చూడబోయి ఆగింది.

"నిటారుగా నిలబడండి, కొలత తప్పొస్తుంది."

నిలబడ్డాను.