మరచెంబు నిండుగానే వచ్చింది

శ్యామలాంబగారికి పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది. దేన్నైనా విప్పి చూడందే ఆవిడకి మనసు నిలవదు. మిక్సీ తిరగడం మానేస్తే మరమ్మతుకు పంపేముందు తనే అడుగు మూత ఊడదీసి, లోపల ఏం కాలిందో చూస్తారు. పక్కింటి మంగాయమ్మగారు కొత్త కుక్కరు కొంటే, విజిల్ లోపల ఏముందో ఇంటివాళ్ళకంటే ముందు ఈవిడకే తెలిసింది. ముక్తేశ్వరం అగ్రహారంలో ఇన్ని సంగతులు తెలిసిన మనిషికి, సొంత మొగుడి మరచెంబు సంగతి మాత్రం తెలియలేదు.

ఆ ఉదయం కూడా ఘనపాఠి సత్యనారాయణమూర్తిగారు గుళ్ళో పారాయణ ముగించుకుని వచ్చి, మరచెంబు అరుగు మీద పెట్టారు. ఆవిడ ఎత్తి చూశారు. తెల్లవారి నీళ్ళు నింపి ఇచ్చినప్పుడు ఎంత బరువుందో అంతే ఉంది.

“చూసేరా మంగాయమ్మగారూ! ఇంత ఎండలో చుక్క ముట్టలేదండీ. కూచుంటే కూచున్నట్టే. మధ్యలో లేవడమన్న మాట లేదు మావారికి.”

“ఆయ్, అదృష్టవంతులండీ. మావారైతే రెండుమాట్లు లేచొస్తారు. అంత నిష్ఠ అందరికీ ఎక్కడొస్తుంది?”

ఘనపాఠిగారు ఆ మాటలు విని తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళిద్దరూ దాన్ని వినయం అనుకున్నారు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి లేవలేదు. పొత్తికడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయారు. ఉదయం నుంచి మూత్రం రావడం లేదన్న ఒక్క మాట చెప్పడానికి గోడవైపు తిరిగి, చాలాసేపు నసిగి, చివరికి చెప్పారు. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పే కూతురు శ్రీలక్ష్మి కారు తీసుకుని పరుగున వచ్చింది. ఆయన్ని అమలాపురం తీసుకెళితే, అక్కడి డాక్టరు గొట్టం వేసి, రక్తం పరీక్షించి, ప్రోస్టేటు గ్రంథిలో కణితి ఉన్నట్టు అనుమానంగా ఉందన్నాడు. కాకినాడ వెళ్ళి ఎంఆర్ఐ తీయించమన్నాడు.

ఇంటికొచ్చాక అసలు తగువు మొదలైంది.

“ఆపరేషన్ చేయించేద్దాం నాన్నగారూ. గ్రంథి తీసేస్తే ఇంక భయం ఉండదు,” అంది శ్రీలక్ష్మి.

“వద్దు.”

“వద్దంటే ఎలాగ? కేన్సరైతే?”

“అయితే అవనీ. కొత్తపేటలో నాతో చదువుకున్నాయనకి ఆ ఆపరేషనే చేసేరు. ఆ తర్వాత చుక్క చుక్కగా కారిపోయేది పాపం. సభలకి రావడం మానేసేడు. తడిసిన పంచెతో ఏ నోటితో వేదం చెప్తామే? శౌచం లేకపోతే నేను నోరు విప్పలేను. నోరు విప్పని నేను ఉంటే ఎంత, పోతే ఎంత?”

“అంటే అమ్మకంటే, నాకంటే మీకా పారాయణే ఎక్కువన్న మాట!”

“ఊరుకోవే! నీకేం తెలుసు?”

ఆ ఇంట్లో మంత్రం తప్ప మరో గట్టి మాట పలకని గొంతు అది. శ్రీలక్ష్మి బిక్కచచ్చిపోయి, మరుక్షణం ఏడ్చేసింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. శ్యామలాంబగారు గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్నారు. ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట ఆవిడకే తగినది.

“అసలది ఎక్కడుందండీ?”

ఇద్దరూ తిరిగి చూశారు.

“ఎక్కడుందో, ఎంతుందో, అసలుందో లేదో ఎవరికీ తెలీదు. చూడని దాని గురించి తండ్రీకూతుళ్ళు ఇలా కొట్టుకుంటున్నారేవిటి? ముందు చూద్దాం. చూసేక వద్దంటే అప్పుడే వద్దనండి.”

“నీకెప్పుడూ విప్పి చూడాలన్న యావే కదా,” అన్నారాయన విసుగ్గా. అయినా కాదనలేదు.

మాత్రలు పనిచేసి, గొట్టం తీసేశాక, రేవులో పంటు పడవ ఎక్కి, గోదావరి మీదుగా కోటిపల్లి వైపు దాటారు. అక్కడినుంచి కాకినాడ దారి పొడుగునా శ్యామలాంబగారు కూతుర్ని వదల్లేదు. ఎక్స్‌రే కాదా? కరెంటు పెడతారా? కొయ్యకుండా లోపలిది ఎలా కనిపిస్తుంది?

“పెద్ద అయస్కాంతం అమ్మా అది. మన ఒంటినిండా నీళ్ళే కదా! ఆ నీళ్ళలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాల్ని వరసలో నిలబెట్టి, రేడియో తరంగాలతో కదుపుతారు. అవి మళ్ళీ తమ చోటికి సర్దుకుంటూ సంకేతం ఇస్తాయి. దాంతో బొమ్మ తయారవుతుంది.”

“పిలిస్తే నీళ్ళు పలుకుతాయన్న మాట!” అని ఆవిడ మురిసిపోయారు. ఎందుకు వెళ్తున్నారో కాసేపు మరిచిపోయారు కూడా.

స్కానింగు గది బయట ఉంగరం, సన్మానంలో తొడిగిన బంగారు కంకణం, కళ్ళజోడు తీయించారు. అక్కడి టెక్నీషియన్ యాకోబు, “జంధ్యం ఉంచుకోండి గురువుగారూ, దారమే కదండీ,” అంటూనే ఆగిపోయి, “బాబోయ్, తాళంచెవేంటండీ దీనికి?” అన్నాడు. జంధ్యం అంచున ముడి వేసిన ఇనప తాళంచెవి. ఆయన దాన్ని విప్పడానికి తటపటాయించారు. చివరికి విప్పి భార్య చేతిలో పెట్టారు, మొహం చూడకుండా.

అది పెరటి తలుపుకున్న రెండో తాళంచెవి; మొదటిది ఎప్పుడూ ఆవిడ కొంగునే ఉంటుంది. పోయిందనుకుని ఏడాదిగా ఆవిడ ఇల్లంతా వెతికినది! పెరటి తలుపు దాటితే ఉండేది మరుగుదొడ్డి ఒక్కటే. ఏదో అడగబోయేలోపు ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు అవతల యంత్రం దబదబలాడుతుంటే, ఆవిడ ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నారు.

ఆయన బయటికొచ్చి, “ఒకటే దరువే. ఎక్కడా లయ తప్పదు. పాఠశాలలో మా పిల్లలకి వినిపించాలి,” అన్నారు. తాళంచెవి మాట ఎత్తలేదు.

ఆ బొమ్మలో అనుమానంగా కనిపించిన చోటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సరే. ఫలితం చెప్పడానికి పిలిచిన రేడియేషన్ డాక్టరు పద్మశ్రీ ముప్పై అయిదేళ్ళ మనిషి. ఆడమనిషి ముందు ఈ సంగతులేమిటని ఘనపాఠిగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. “మాది ఉప్పలగుప్తమండీ. మా తాతగారు కూడా మీలాగే నా ముందు సిగ్గుపడేవోరు,” అని ఆవిడ నవ్వేసరికి కాస్త కుదుటపడ్డారు.

కంప్యూటరు తెర మీద బూడిద రంగు బొమ్మ వచ్చింది. డాక్టరు వేలితో చూపించింది.

“ఇది గ్రంథి. ఈ పక్కన నల్లమచ్చ చూసేరా, బఠాణీ గింజంత? అదండీ కణితి. గ్రంథి దాటి బయటికి పోలేదు. గ్రంథి మొత్తానికి రేడియేషన్ ఇచ్చి, ఈ మచ్చకి మాత్రం ఇంకాస్త ఎక్కువ మోతాదు ఇద్దాం. ఈ బొమ్మ వల్లే అది ఎటుపక్క ఉందో ఇంత కచ్చితంగా తెలుస్తోంది. చుట్టుపక్కల వాటికి తగిలేది వీలైనంత తగ్గిద్దాం.”

“మరి... తర్వాత చుక్కలు కారిపోవడం?” కిటికీ వైపు చూస్తూ అడిగారాయన.

“అసలు ఇబ్బందే ఉండదని నేను చెప్పనండీ. కొన్నాళ్ళు మంట ఉంటుంది, మాటిమాటికీ లేవాలనిపిస్తుంది. ఆపుకోలేకపోవడం మాత్రం ఆపరేషన్‌తో పోలిస్తే తక్కువమందికే.”

శ్రీలక్ష్మి తండ్రి చెయ్యి పట్టుకుంది. శ్యామలాంబగారు మాత్రం తెర దగ్గరకి వంగారు. ఇన్నాళ్ళూ భయపెట్టిన దాని మొహం చూశాక ఆవిడకి ధైర్యం వచ్చింది, దాంతోపాటే ప్రశ్నలూ వచ్చాయి.

“నల్లమచ్చ తెలిసిందమ్మా. పైన ఈ తెల్లగా ఉన్నదేవిటి?”

“మూత్రాశయం పిన్నిగారూ. ఈ బొమ్మలో నీళ్ళు తెల్లగా కనిపిస్తాయి.”

“మరి ఇంత ముడుచుకుపోయి ఉందేం?”

డాక్టరు కూడా వంగి చూసింది. “నీళ్ళు తాగి రమ్మన్నాం కదండీ? ఆ రోజు తాగలేదా? రేడియేషన్‌కి మాత్రం రోజూ నీళ్ళు తాగి, ఆపుకుని పడుకోవాలండీ. మూత్రాశయం నిండితే చాలా భాగం పైకి జరిగి, కిరణాల దారికి దూరంగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఏమాత్రం తాగుతారు?”

“పారాయణ ఉన్న రోజు చుక్క ముట్టరమ్మా. ఆయన నిష్ఠ అలాంటిది,” అన్నారు శ్యామలాంబగారు అలవాటు కొద్దీ. గొంతులో అదే గర్వం.

ఘనపాఠిగారు తలెత్తారు.

“నిష్ఠ కాదు శ్యామలా. లేవాల్సి వస్తుందని తాగేవాణ్ణి కాదు.”

శ్యామలాంబగారి వేళ్ళు సంచిలోని తాళంచెవిని తడిమాయి. రాత్రిళ్ళు ఆవిణ్ణి లేపకుండా వెళ్ళిరావడానికి దాచుకున్న తాళంచెవి. నిండుగా తిరిగొచ్చిన మరచెంబు. అన్నీ విప్పి చూసే మనిషి, రోజూ చేత్తో ఎత్తి చూస్తూ కూడా కనుక్కోలేకపోయింది!

తిరుగుప్రయాణంలో పంటు గోదావరి మధ్యకి వచ్చాక ఆవిడ ఆయన పక్కకి జరిగారు. శ్రీలక్ష్మి కావాలనే అవతలి చివర నిలబడింది.

“నాకెందుకు చెప్పలేదండీ? ఇన్నేళ్ళు కాపరం చేసి, మీ దాహం నాకు తెలీకుండా చేసేరా?”

“చెప్దామనే అనుకున్నాను. ఒకరోజు నీళ్ళు తాగి మధ్యలో లేద్దామనీ అనుకున్నాను. ఆ రోజే నువ్వు అరుగు మీద చెప్పుకుంటున్నావు, మావారు కూచుంటే లేవరని. నీ మొహంలో ఆ వెలుగు చూసేక, మర్నాడు లేవలేకపోయేను.”

శ్యామలాంబగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మండుటెండలో ఆయన ఎండిన నాలుకతో మంత్రం చెబుతుంటే, తను ఊరంతా తిరిగి దాన్నే గొప్పగా చెప్పుకుంది. ఏడుపు ఆగలేదు.

“నీ తప్పేం లేదే. ఆ పొగడ్త నాకూ బావుండేది,” అన్నారాయన మెల్లిగా. ఆవిడ ఏడుస్తూనే సంచిలోంచి మరచెంబు తీసి, మూత తిప్పి, చేతికిచ్చారు. పంటులో అందరూ చూస్తుండగా ఘనపాఠిగారు గటగటా తాగారు.

ఆ తర్వాత వారాల తరబడి కాకినాడలో అద్దెగదిలో ఉండి, రేడియేషన్ పూర్తిచేయించుకున్నారు. ఆస్పత్రి బెంచీ మీద ఆవిడ లెక్కగా నీళ్ళు పోసివ్వడం, ఆయన పళ్ళు బిగించుకుని కూర్చోవడం. “తాగనప్పుడు అంత పొగిడేవు, ఇప్పుడు తాగుతుంటే ఒక్క మంచి మాట లేదు,” అని ఆయన వేళాకోళమాడేవారు. మంట వచ్చింది, తగ్గింది. రక్తపరీక్షలో కేన్సరు జాడ చెప్పే అంకె దిగుతోందని, ఇంకా కొన్నేళ్ళు చూపించుకుంటూ ఉండాలని డాక్టరు చెప్పింది.

కార్తీకంలో మళ్ళీ గుళ్ళో పారాయణ. మండపంలో పండితులు బారుగా కూర్చున్నారు. ఆడవాళ్ళ వరసలో మంగాయమ్మగారి పక్కనే శ్యామలాంబగారు. ఒక అనువాకం ముగియగానే ఘనపాఠిగారు మరచెంబెత్తి నీళ్ళు తాగారు. ఇంకాసేపటికి, పక్కవారికి నమస్కారం పెట్టి, లేచారు.

“అదేంటండీ! లేచేరేంటి?” మంగాయమ్మగారు ఆవిడ మోచెయ్యి గిల్లారు.

“నీళ్ళు తాగేరు కదండీ. లేస్తారు మరి,” అన్నారు శ్యామలాంబగారు. ఆ వరసంతా వినబడేట్టే అన్నారు.

ఆయన కాళ్ళు కడుక్కుని, ఆచమనం చేసి వచ్చి కూర్చున్నారు. గొంతు చెమ్మగా, ఖంగుమని లేచింది. ఆ వెనకే, వరస చివర ఎప్పుడూ కదలని పెద్దాయన ఒకరు అటూ ఇటూ చూసి, పంచె సర్దుకుని నెమ్మదిగా లేచారు. ఆయన వెనక ఇంకొకరు.

శ్యామలాంబగారు కళ్ళు తుడుచుకుని, ఖాళీ అయిన మరచెంబు తీసుకుని కుళాయి దగ్గరకి నడిచారు.