నాన్న వాటా

రెండువేల ఇరవై ఐదు, జూన్ పద్నాలుగు, శనివారం సాయంత్రం ఐదున్నర. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో అది చలికాలం, అప్పటికే చీకటి పడింది. ఉదయలక్ష్మి దేవుడి దగ్గర దీపం పెట్టి, శాలువా కప్పుకుని గ్యారేజీలోకి వచ్చింది. కొడుకు అచ్యుత్ సర్వర్ ముందు కూర్చుని ఉన్నాడు.

టిఫిను డబ్బా అంత పెట్టె అది. లోపల రెండు కంప్యూటర్లు ఉన్నట్టేనట, వర్చువల్ మెషీన్లట. విడిగా కార్డు కొనకుండా, బొమ్మలు తేల్చడానికి చిప్‌లో ఉన్న గ్రాఫిక్స్‌నే రెండింటికీ వాటాలు వేశాడు. ఒకదాంట్లో పోయిన తండ్రి ఫోటోలు, గొంతు. దానికి ‘నాన్న’ అని పేరు పెట్టాడు. రెండోది చెల్లెలు తన్మయి వీడియోకి మసక వదిలిస్తోంది. ఆ పిల్లది మిగిలింది అదొక్కటే.

“ముందు నాన్నకే వేశావా?” అందామె.

“అలవాటు కదమ్మా,” అని నవ్వాడు.

నిజమే. ఆయన విస్తట్లో పడందే ఆ ఇంట్లో ఎవరికీ వడ్డన ఉండేది కాదు. తన్మయి తనకు నచ్చినవాణ్ణి చేసుకుందని, బతికున్న పిల్లకి నువ్వులూ నీళ్ళూ వదిలి తలస్నానం చేసొచ్చిన మనిషాయన. ఆర్నెల్లకే అది నిజంగానే పోయింది. ఆయన వెళ్ళలేదు, ఉదయలక్ష్మిని వెళ్ళనివ్వలేదు. కూతురి మొహం ఒక్కసారి తేటగా చూసుకోవాలి. ఆమెకి కావలసిందల్లా అంతే.

తెర మీద తన్మయి పట్టుపావడాలో గిర్రున తిరుగుతోంది. జడ తేటపడింది. గాజులు తేటపడ్డాయి. మొహం దగ్గరికొచ్చేసరికి... ఆగింది. ఫ్యాను రొద పెరిగింది. ఎక్కణ్ణించో తడిసిన నువ్వుల వాసన.

“గ్రాఫిక్సంతా నాన్నే లాగేసుకుంటున్నారు,” అని గొణుగుతూ అచ్యుత్ ‘నాన్న’ మెషీన్ ఆపేశాడు. ఆగింది. వాటా మాత్రం వెనక్కి రాలేదు.

తెర మీద కళ్ళు చెరిగాయి. ముక్కు చెరిగింది. నోరు ఇంకా నవ్వుతూనే ఉంది...

ఉదయలక్ష్మి చేతులు జోడించింది. “ఏమండీ... దాన్నొదిలెయ్యండి.”

స్పీకరులో నీళ్ళు ఒలికిన చప్పుడు. ఆపైన ఆయన గొంతు, కడుపునిండా తిని లేచినంత నిదానంగా.

“నాకు కూతురు లేదు.”

నోరూ చెరిగింది. అచ్యుత్ ప్లగ్గు పీకేశాడు.

తెల్లవారాక అచ్యుత్ ఆ పెట్టెను కారులో తీసుకెళ్ళి పారేసొచ్చాడు. కోడలు వసంత గ్యారేజీ కడిగింది. ఉదయలక్ష్మి దేవుడి ముందు కళ్ళు మూసుకుంది. పావడా గుర్తొచ్చింది, జడ గుర్తొచ్చింది. మొహం రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు.

కాఫీ తెచ్చిన కొడుకు చెయ్యి పట్టుకుంది. “నువ్వైనా చెప్పు నాయనా, తన్మయి ఎలా ఉండేదిరా?”

అచ్యుత్ పక్కన కూర్చుని, జ్వరమేమోనని ఆమె నుదురు తాకి చూశాడు.

“తన్మయి ఎవరమ్మా?”